పరాయి దేశములో చిన్న ఊరి కాపురము

(శతాబ్ది సభలలో కుటుంబ కూటము నాడు చేసిన ప్రసంగము)



కూటము ఏర్పాటు చేసిన పెద్దలు నాకిచ్చిన అంశము ‘విదేశములలో మన కుటుంబములు’. అది చాలా పెద్ద అంశము. దుబాయి సంగతి వేరు, అమెరికా సంగతి వేరు. చూడని దేశముల గురించి విన్నది చెప్పడము కన్న, కాపురము చేసిన ఒక్క ఊరి గురించి చెప్పడము మంచిదని తలచాను. 2018 నుండి 2022 వరకు మేము వేల్స్ దేశములో అబరిస్త్విత్ అనే చిన్న ఊరిలో ఉన్నాము. నా భార్య నర్సు. ఆమెకు అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగము వచ్చింది. నేను డయాసిస్ వారిచ్చిన సెలవు మీద, ఏడేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకొని ఆమె వెనుక వెళ్ళాను. వీసా లెక్కలో నేను ఆమె మీద ఆధారపడినవాడిని. మన సంఘములలో చాలామంది అయ్యగార్ల విషయములో అది ఎప్పటినుండో నిజమే గాని, కాగితము మీద రాసి చూపించినది ఆ ప్రభుత్వమే.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మన పిల్లలు లండను, న్యూయార్కు వంటి మహా నగరములకే పోవడము లేదు. ఆసుపత్రులు, వృద్ధాశ్రమములు ఎక్కడ ఉంటే అక్కడికి పోతున్నారు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వము వృద్ధులను చూసుకొనే పనివారికి వీసా తలుపు తెరిచింది. 2024 మార్చి నుండి ఆ పనికి కొత్తగా వచ్చేవారు భార్యాబిడ్డలను తెచ్చుకోరాదన్నది. 2025 జూలైలో బయటి దేశములనుండి కొత్తవారిని ఆ పనికి తీసుకోవడమే ఆపివేసింది. తలుపు తెరిచి ఉన్న ఆ కొద్దికాలములో లోపలికి వెళ్ళినవారు ఎక్కడెక్కడో చిన్న చిన్న ఊళ్ళలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు కొందరు ఈ పందిరిలో కూర్చున్నారు. ఈ మాటలు ముందుగా వారికోసము.

అబెర్ అంటే వెల్ష్ భాషలో నదీముఖము. ఇస్త్విత్ అనేది నది పేరు. పడమటి సముద్రపు ఒడ్డున, రైలు పట్టాలు ఆగిపోయే చోట ఆ ఊరు ఉన్నది. జనాభా పదిహేను వేల లోపు. మన లెక్కలో ఒక మండల కేంద్రము. కాని అందులో 1872లో మొదలైన విశ్వవిద్యాలయము ఉన్నది, కొండమీద వేల్స్ జాతీయ గ్రంథాలయము ఉన్నది, సముద్రములోకి చొచ్చుకొని పోయిన పాత పియర్ ఉన్నది. చలికాలము సాయంత్రములలో వేలాది గోరింక జాతి పిట్టలు ఆకాశములో పొగలాగా తిరిగి తిరిగి ఆ పియర్ కింద చేరి నిద్రపోతాయి. బర్మింగ్‌హామ్‌కు రైలులో మూడు గంటలు. దక్షిణమున కార్మార్తెన్‌కు పోయే రైలు మార్గమును 1965లో మూసివేశారు. అందుచేత అదే దేశపు రాజధాని కార్డిఫ్‌కు రైలులో పోవాలంటే ఇంగ్లండు గడ్డ మీదుగా చుట్టు తిరిగి పోవాలి!

అక్కడ దారి బోర్డులన్నీ రెండు భాషలలో ఉంటాయి. మలుపుల దగ్గర రోడ్డు మీద పెద్ద అక్షరములతో ఒక మాట రాసి ఉంటుంది. నిదానముగా పొమ్మని దాని అర్థము. పలకడము ‘అరవ్’. మొదటిరోజు బస్సులో ఎవరో ఆ మాట చదివి వినిపిస్తే మా ఆవిడ నా చెవిలో, “ఇంత దూరము వచ్చినా అరవము తప్పలేదండీ” అన్నది. మేము నేర్చుకొన్న మొదటి వెల్ష్ మాట అదే. ఆ దేశములో కాపురమునకు వచ్చినవారికి అంతకన్న పనికివచ్చే మాట కూడ లేదు.

ఇంకొక మాట చెప్పాలి. ‘వేల్స్’ అనే పేరు వారు పెట్టుకొన్నది కాదు. పాత ఇంగ్లీషులో పరాయివారు అనే అర్థమిచ్చే మాటనుండి అది వచ్చింది. వారి గడ్డ మీద వారినే పొరుగువారు పరాయివారన్నారు. వారు తమను తాము ‘కమ్రి’ అంటారు. ఒకే నేలవారు అని దాని అర్థము. పరాయివాడనిపించుకోవడము అంటే ఏమిటో ఆ జనమునకు మనకన్న ముందే తెలుసునని నాకు తరచుగా అనిపించేది.

ఇక కాపురము. మేము దిగినది అక్టోబరు నెల. ఆ నెల ఆఖరి ఆదివారము తెల్లవారుజామున గడియారములు గంట వెనక్కి తిప్పుతారు. అక్కడినుండి చీకటి మీద పడుతుంది. డిసెంబరులో సాయంత్రము నాలుగింటికే పొద్దుగూకుతుంది, ఉదయము ఎనిమిది దాటితే గాని తెల్లవారదు. బట్టలు ఆరవు. గోడలకు చెమ్మ, చెమ్మకు బూజు. ఆమెకు రాత్రి డ్యూటీ పడితే ఆమె పగలు నిద్ర, నేను రాత్రి జాగరణ. ఒకే ఇంట్లో ఉండి, వంటింటి గోడకు చీటీలు అంటించి మాట్లాడుకొన్న వారములు ఉన్నవి.

వీధిలో అందరూ మంచివారే. ఎదురైతే నవ్వుతారు, వాన గురించి ఒక మాట అంటారు. మనము ‘భోజనమైందా?’ అని అడిగినట్టే అది. అడిగినంత మాత్రాన అన్నము పెడతారని కాదు గదా! ముందుగా తేదీ అనుకోకుండా ఎవరి తలుపూ ఎవరూ తట్టరు. ఏ ఇంటికైనా చెప్పకుండా వెళ్ళి, మంచము మీద కూర్చొని, ప్రార్థన చేసి, కాఫీ తాగి వచ్చే అలవాటు ఉన్న నాబోటివాడికి అది పెద్ద కరువు.

పొరుగింటి పెద్దాయన మొదటిసారి మా గుమ్మము తొక్కినది పోపు వలన. మా ఆవిడ పప్పుచారుకు ఎండుమిరపకాయలు, ఆవాలు వేయించేసరికి ఇంటి కప్పుకున్న పొగ గంట ఊరంతా వినబడేటట్టు మోగింది. ఆయన నిచ్చెనతో సహా పరుగెత్తి వచ్చాడు. నిప్పు లేదని చూసి, వంటింటి తలుపు మూసి కిటికీ తెరిచి వండుకోవాలని చూపించి, వెళ్ళబోతూ ఆ వాసన ఏమిటని అడిగాడు. గిన్నెలో పోసి ఇచ్చాము. గిన్నె మరునాడు కడిగి తెచ్చి ఇచ్చాడు. ఏ వారము ఏ చెత్తబుట్ట బయట పెట్టాలో అప్పుడే చెప్పాడు. అక్కడ చెత్తలో తిండి వేరు, సీసాలు వేరు, కాగితము వేరు. ఆ లెక్క తెలియకపోతే ఆ ఊరిలో ఏ డిగ్రీ ఉన్నా చదువులేనివాడే.

నా సంగతి చెబుతాను. ఇక్కడ పదిహేనేళ్ళుగా నన్ను అయ్యగారూ అని తప్ప పేరుపెట్టి పిలిచినవారు లేరు. అక్కడ నేను ఫలానా నర్సు గారి భర్తను. నా బి.డి. పట్టా పెట్టెలో ఉండగా, ఒక పెద్ద దుకాణములో రాత్రిపూట అరలలో సరుకులు సర్దే పనికి కుదిరాను. తరువాత పగటి వంతు ఇచ్చారు. ఇది జాలి కోసము చెప్పడము లేదు. ఆ ఉద్యోగము నాకు ఊరిని చూపించింది. మంగళవారము పింఛను పెద్దలు వచ్చేవారు. బీన్సు డబ్బాలు ఏ వరుసలో ఉన్నవో తెలిసినా నన్ను అడిగేవారు. అది మాట కలపడమని నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఒకామె ప్రతి వారము రెండు చేప ముక్కలు కొనేది. ఒకనాడు ఒక్కటే కొన్నది. నేను ఏమీ అడగలేదు. ఆమెయే చెప్పింది. సంఘ సందర్శన అనే పాఠమును వేదాంత కళాశాలలో చదివాను. దానిని మళ్ళీ చదువుకొన్నది ఆ డబ్బాల వరుసల మధ్య.

నగరములో మనవాళ్ళు దొరుకుతారు. ఆదివారము తెలుగు ఆరాధన, తరువాత పులిహోర, పండుగకు పట్టుచీరలు. దానిని నేను తక్కువ చేయను. మూడు నెలలకొకసారి బర్మింగ్‌హామ్‌కు పోయి చింతపండు, కందిపప్పు మోసుకొచ్చినవాడినే. ఆసుపత్రిలో పనిచేసే మలయాళీ కుటుంబములు మాకు మంచములు, దుప్పట్లు ఇచ్చి ఆదుకొన్నవి. ఆ మేలు మరువరానిది. కాని చిన్న ఊరిలో దాగడానికి మనవాళ్ళు సరిపడినంతమంది ఉండరు. అది మొదట శిక్షలాగా ఉంటుంది. బయటికి పోక తప్పదు. నా అభిప్రాయములో చిన్న ఊరు చేసే మేలు అదే. కాని ఆ ఊరు మనలను పిలిచి పీట వేయదు. ఒకే వేళకు ఒకే చోట పదేపదే కనబడాలి. ఒకనాడు కనబడకపోతే, “నిన్న రాలేదేమి?” అని ఎవరో ఒకరు అడగాలి. ఆ ప్రశ్న వచ్చిన రోజున కాపురము కుదిరినట్టు. ఇల్లు, కారు, జీతము కుదరడము వేరు.

సముద్రపు ఒడ్డున పొడుగాటి నడకదారి ఉన్నది. ఉత్తరపు కొసన కొండ కింద ఒక ఇనుప కమ్మీ ఉంటుంది. నడిచి వచ్చినవారు దానిని కాలితో ఒక తన్ను తన్ని వెనక్కి తిరుగుతారు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెబుతారు. నేను దినమూ అయిదింటికి నడిచి, తన్ని, తిరిగేవాడిని. జ్వరము వచ్చి నాలుగు దినములు పోలేదు. అయిదవ దినము కుక్కను నడిపించుకొనే ఒక పెద్దమ్మ, ఏడాదిగా తల మాత్రమే ఊపే మనిషి, ఆగి ఒంట్లో బాగుందా అని అడిగింది.

ప్రార్థనాలయములో కూడ అంతే. అక్కడి చాపెళ్ళు పెద్దవి, జనము కొద్దిమంది. కొన్ని చాపెళ్ళు అమ్ముడుపోయి ఇళ్ళయినవి. ఇండియానుండి పాస్టరు వచ్చాడు గనుక ప్రసంగము చేయమంటారని నేను ఎదురు చూడలేదని చెప్పను. దాదాపు ఏడాది ఎవరూ అడగలేదు. ఆరాధన తరువాత టీ ఇస్తారు. ఆ కప్పులు కడిగే చోట చేయి తక్కువగా ఉండేది. నేను తువాలు పట్టుకొని తుడిచేవాడిని. ఆ తొట్టి దగ్గర విన్నంత సత్యము బల్లల మీద వినలేదు. ఎవరి కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడో, ఎవరు పన్నెండేళ్ళుగా మనవళ్ళను చూడలేదో అక్కడే తెలిసింది. పిల్లలను దూరదేశములకు పంపి ఫోను కోసము కూర్చొనే తల్లులు మన జిల్లాలలోనే ఉన్నారనుకోకండి. 1865లో నూట యాభైమందికి పైగా వెల్ష్‌వారు ఓడనెక్కి దక్షిణ అమెరికాలోని పటగోనియాలో స్థిరపడ్డారు. తమ భాష, తమ చాపెళ్ళు అక్కడ కట్టుకొన్నారు. మనవారిలో జాన్ రంగయ్య గారు 1903లో నెల్లూరు ప్రాంతమునుండి భార్యాబిడ్డలతో నేటాలు వెళ్ళి, కియర్స్నీ తేయాకు తోటలలో పనిచేసే తెలుగు కూలీల మధ్య సంఘము కట్టారు. ఇంటికి జాబు చేరడానికి వారములు పట్టే రోజులవి. మన ఫోనులు చూసి వారు ఏమనుకొనేవారో!

భాష సంగతి ఎక్కువగా చెప్పాలి. అది మా ఇంట్లో నిజముగా తగాదా అయినది. మా అమ్మాయి బడిలో పాఠములు వెల్ష్ భాషలో. ఆ ఊరిలోనే 1939లో ఏడుగురు పిల్లలతో మొట్టమొదటి వెల్ష్ ప్రాథమిక పాఠశాల మొదలైంది. అంతకు ముందు తరములలో, పందొమ్మిదవ శతాబ్దములో, బడిలో వెల్ష్ మాట్లాడిన బిడ్డ మెడలో చెక్క ముక్క వేలాడదీసి శిక్షించేవారు. మన కాన్వెంటులలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే పద్ధతి తెలిసినవారికి ఇది వింతగా ఉండదు. 2021 లెక్కల ప్రకారము వేల్స్‌లో వెల్ష్ వచ్చినవారు అయిదు లక్షల ముప్పైఎనిమిది వేలు. మన దేశములో 2011 లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు ఎనిమిది కోట్ల పైచిలుకు. ఆ అయిదు లక్షలవారు దుకాణపు రసీదునుండి ఆసుపత్రి చీటీ వరకు తమ భాష ఉండాలని పట్టుబడతారు.

మా ఆవిడ మాట: “పిల్లకు ఇంగ్లీషే కొత్త, దానికి తోడు ఈ భాష ఎందుకు? మనము ఉండేది ఎన్నాళ్ళు?” నా మాట: ఉన్నన్నాళ్ళు ఉండాలి గదా. ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. పిల్ల మాత్రము ఆరు నెలలలో వెల్ష్ పాటలు పాడుతూ తిరిగింది. ఇంట్లో మాకు ఇంగ్లీషులో జవాబు చెప్పడము మొదలుపెట్టింది. ఒకనాడు బడిలో ఉపాధ్యాయిని, నీ భాషలో నీ పేరు రాసి చూపించు అన్నదట. దానికి రాదు. ఇంటికి వచ్చి ఏడ్చింది. ఆ రాత్రి మా ఆవిడ డ్యూటీకి పోకముందు వంటింటి బల్ల మీద బియ్యము పోసి అ ఆ లు దిద్దించింది. పలక లేదు మరి. ఆ శీతకాలమంతా అది మా రాత్రి పని. బిడ్డకు తెలుగు అక్షరములు వచ్చినవంటే దానికి కారణము ఏ తెలుగు సంఘమూ కాదు, ఒక వెల్ష్ బడి.

మేరీ జోన్స్ కథ మన సండే స్కూలు పిల్లలందరికీ తెలుసు. 1800లో బైబిలు కొనుక్కోవడానికి బాలా వరకు ఇరవైఅయిదు మైళ్ళకు పైగా నడిచిన ఆ పిల్లది అబరిస్త్విత్‌కు ఉత్తరమున ఉన్న కొండ పల్లె. ఆమె కొన్నది వెల్ష్ బైబిలు, ఇంగ్లీషుది కాదు. 1588లో విలియం మోర్గాన్ ఆ భాషలోకి బైబిలు తెచ్చి ఉండకపోతే ఆమె ఎందుకు నడుస్తుంది? మనము ఆ కథ చెప్పేటప్పుడు ఆమె కాళ్ళ గురించి చెబుతాము, భాష గురించి చెప్పము.

2020 వచ్చింది. మార్చి 23న అక్కడ ఇళ్ళు మూసుకోమన్నారు. అప్పటికే ఇండియాకు విమానములు ఆగిపోయినవి. నా భార్య ఆసుపత్రికి పోతూ వస్తూ ఉన్నది. వచ్చి వేరే గదిలో పడుకొనేది. గురువారము రాత్రి ఎనిమిదింటికి ఆసుపత్రివారి కోసము వీధి అంతా గుమ్మములలో నిలబడి చప్పట్లు కొట్టేవారు. పెద్దాయన గరిటెతో మూకుడు వాయించేవాడు. మా ఆవిడకు అది ఇష్టమూ, సిగ్గూ. “చప్పట్లు బాగానే ఉన్నవి, చేతి తొడుగులు పంపితే ఇంకా బాగుండును” అనేది.

ఆ ఏప్రిల్ చివర ఇక్కడ మా అమ్మగారు ప్రభువునందు నిద్రించారు. సమాధికి ఇరవైమందికి మించి రాకూడదని నిబంధన. ఆ ఇరవైమందిలో కొడుకు లేడు. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఫోనులో, మా తమ్ముడు చేయి వణుకుతూ పట్టుకొన్న బొమ్మలో చూశాను. ఇదే తోటి గురువు ఒకరు, ఇప్పుడు ఈ వేదిక మీదనే ఉన్నారు, ఆరాధన జరిపించారు. మట్టి వేసేటప్పుడు సిగ్నలు పోయింది.

ఉదయము మా అమ్మాయి గోడ దగ్గర ఆ పెద్దాయనకు చెప్పింది. ఆయన మా ఇంట్లోకి రాకూడదు, నేను ఆయన దగ్గరకు పోకూడదు. మోకాలెత్తు గోడకు అవతల రెండు గజముల దూరములో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. నేను ఇవతల కూర్చున్నాను. మీ అమ్మ పేరేమిటని అడిగాడు. చెప్పాను. పలకలేకపోయాడు. మళ్ళీ చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పించుకొని, సరిగా పలికేవరకు వదలలేదు. తరువాత ఆమె ఏమి వండేది, చేతులు ఎట్లా ఉండేవి, నన్ను కొట్టేదా అని అడిగాడు. నా దేశములో నన్ను ఓదార్చేవారు చాలా వచనములు చెప్పేవారు. ఆయన ఒక్కటీ చెప్పలేదు. సాయంత్రానికి గోడ మీద గుడ్డ కప్పిన మూడు పొట్లములు ఉన్నవి. వారు బరా బ్రిథ్ అంటారు, టీలో నానబెట్టిన ఎండుద్రాక్షలు వేసి కాల్చే రొట్టె. ఏ ఇంటివారు పెట్టారో ఒక దానికే చీటీ ఉన్నది. చనిపోయిన ఇంటికి మూడు దినములు పొరుగువారు అన్నము తెచ్చే ఆచారము మన పల్లెలలో ఉన్నది. అది వారికి ఎవరూ చెప్పలేదు.

వారి భాషలో ‘హిరైథ్’ అని ఒక మాట ఉన్నది. ఇంటిమీద బెంగ వంటిది. పోలేని ఇంటిమీద, ఇప్పుడు లేని ఇంటిమీద కూడ. ఆ వారమంతా ఆ మాట అర్థము నాకు ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది.

బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరము 29వ అధ్యాయములో ఉన్నది. ఇంటికి వెళ్ళి చదువుకోండి. తోటలు నాటుకోమని, ఆ పట్టణపు క్షేమము కోరమని చెప్పిన ఆ ఉత్తరములో, తిరిగి రావడానికి డెబ్బై సంవత్సరములని కూడ ఉన్నది. మనము ఆ రెండవది చదవకుండా మొదటిది చదువుతాము.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫోను చేసినప్పుడు “అక్కడ మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని ప్రతిసారీ అడగకండి. లేరు అని చెప్పి చెప్పి పిల్లలకు అది తమ లోపమనిపిస్తుంది. పొరుగింటివారి పేరేమిటని అడగండి. తెలియదంటే, వచ్చే వారము మళ్ళీ అడగండి. ఒంటరిగా ఉన్న కోడలిని “ఏమి వండావు” అని అడిగే బదులు, ఈ వారము ఎవరితో మాట్లాడావని అడగండి. డ్రైవింగు పరీక్ష ఎప్పుడని అడగండి. మన లైసెన్సు అక్కడ పన్నెండు నెలలే చెల్లుతుంది. గంటకో రెండు గంటలకో ఒక బస్సు ఉన్న ఊరిలో బండి రాని ఆడపిల్ల ఇంట్లోనే కూర్చొని కుమిలిపోతుంది. అటువంటి ఇద్దరిని నాకు తెలుసు.

మా ఒప్పందము ముగిసి 2022లో వచ్చాము. మా ఆవిడకు ఇంకా ఉండాలని ఉన్నది. నాకు లేదు. ఆ తగాదా ఇంకా తీరలేదు, ఇక్కడ తీర్చమని మిమ్మును అడగను కూడ. ఇప్పుడు నేనున్న పాస్టరేటులో రైసుమిల్లు వెనుక బీహారునుండి వచ్చిన కుర్రవాళ్ళు ముప్పైమంది దాకా ఉన్నారు. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కుటుంబములు ఉన్నవి. వారిలో ఎవరికైనా ఇంటి దగ్గర తల్లి చనిపోతే మన వీధిలో ఏ గోడ దగ్గర కూర్చొంటాడని స్త్రీల మైత్రి కూటములో అడిగాను. జవాబుగా ఒక తల్లి శుక్రవారము సాయంత్రములు మిల్లు గేటు దగ్గరకు పోవడము మొదలుపెట్టింది. ఆమెకు హిందీ రాదు. వారికి తెలుగు రాదు. మొదటి రెండు వారములు మరమరాలు ఇచ్చి వచ్చింది. మూడవ వారము ఒక కుర్రవాడు తన ఊరి పేరు పలకడము నేర్పాడట.

ఆ పెద్దాయన ఇప్పటికీ ఆదివారము మధ్యాహ్నము మాకు ఫోను చేస్తాడు. ఎండకాలములో మనకూ వారికీ నాలుగున్నర గంటల తేడా, చలికాలములో అయిదున్నర. అక్టోబరులో గడియారము మారినప్పుడల్లా ఆయన ఫోను మా గడియారములో గంట ఆలస్యముగా వస్తుంది. ఆ గంటసేపు మా ఆవిడ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది.